సీసాలు చూసిన మేనత్త

మా మేనత్త పంతొమ్మిదేళ్ల పాటు సీసాలు చూసింది. చేసింది కాదు, కడిగింది కాదు. చూసింది. అదే ఆమె ఉద్యోగం.

సీసాల ఫ్యాక్టరీలో కరిగిన గాజు అచ్చుల్లో పడి సీసాలవుతుంది. అవి ఒక పొడవాటి పొయ్యిలో మెల్లగా చల్లారుతూ వచ్చి, బెల్టు మీద వరసగా నిలబడి, వెనక దీపం వెలుగుతున్న తెల్లటి అద్దం ముందు నుంచి పోతాయి. ఆ అద్దానికి ఎదురుగా ఎత్తు స్టూలు మీద అత్తయ్య కూర్చునేది. బుడగ ఉన్నా, మూతి దగ్గర వెంట్రుకంత పగులున్నా, అడుగు పలచబడినా, ఆ సీసాను పట్టి పక్కన తొట్టిలో పడేయాలి. మంచిదైతే వదిలేయాలి. సెకనుకొక సీసా.

ఆమె వదిలిన సీసా నా దగ్గరికి వచ్చేది. నేను ప్యాకింగులో ఉండేదాన్ని. ఆ ఉద్యోగం కోసమే మా అమ్మానాన్నలను వదిలి వచ్చి, అత్తయ్య వాళ్లింట్లో వెనక గదిలో ఉన్నాను. వాళ్లకు పిల్లలు లేరు. మామయ్య అదే ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పని. ఆయన ఉడికిస్తాడు, ఈవిడ చల్లారాక చూస్తుంది అని అందరూ నవ్వేవాళ్లు. అత్తయ్య నవ్వేది కాదు, కోప్పడేదీ కాదు. ఏదైనా అడిగితే సగం మింగి సగం చెప్పే మనిషి.

ఆమె పక్క స్టూలు మీద చిలక ఉండేది. అసలు పేరు హాజరు పుస్తకంలో ఉండేదేమో కానీ మాకెవరికీ గుర్తులేదు. గుక్కతిప్పుకోకుండా మాట్లాడుతుంది కనుక చిలక. అత్తయ్యను వదినా అని పిలిచేది. ఒకరు ఎనిమిది గంటలూ మాట్లాడటం, ఇంకొకరు ఎనిమిది గంటలూ ఊఁ కొట్టడం. వాళ్ల స్నేహం అదే.

సీసాలు అరగంట చూస్తే కళ్లు మొద్దుబారతాయి. అందుకని అరగంటకోసారి ఇంకో మనిషి వచ్చి స్టూలు తీసుకునేది, కూర్చున్నవాళ్లు లేచి కాసేపు అట్టపెట్టెలు మడిచేవాళ్లు. అత్తయ్య చేరిన ఎనిమిదో ఏడు కొత్త మేనేజరు వచ్చి ఆ మార్పు మనుషులను తీసేశాడు. కూర్చుని చూసే పనికి కూడా విశ్రాంతా అన్నాడట. ఆ మాటకు మేం మొదట నవ్వుకున్నాం. అరగంట రెండు గంటలయ్యాక నవ్వడం మానేశాం.

బెల్టు మలుపు తిరిగే చోట రెండు ఇనుప రోలర్లుండేవి. వాటి మీది రేకు మూత ఎప్పుడో ఊడిపోయింది. ఒక రోజు మధ్యాహ్నం, రెండు గంటలు గడిచాక, చిలక ఎడమ చేయి పగిలిన సీసా వెంట వెళ్లి వెనక్కి రాలేదు. అరిచింది చిలక కాదు, అవతలి చివర నిలబడ్డ నేను. చిలక తన చేతిని కూడా ఒక సీసాను చూసినట్టే చూస్తూ ఉండిపోయింది. బెల్టు ఆపింది అత్తయ్య. రెండు వేళ్లు పోయాయి.

మర్నాడు ఫోర్మన్ ఒక కాయితం పట్టుకుని అత్తయ్య స్టూలు దగ్గరికి వచ్చాడు.

"ఇక్కడో సంతకం పెట్టమ్మా. పక్కనున్నది నువ్వేగా."

"ఏం రాశారు?"

"ఏముంది, జరిగిందే. నిద్రపోయింది, చెయ్యి జారింది."

"నిద్రపోలేదు."

"నువ్వు చూశావా?"

"చూడటమేగా నా పని. కళ్లు తెరిచే ఉన్నాయి. కానీ చూడట్లేదు. రెండు గంటలైతే నాకూ అంతే."

"ఆహా. అదే రాద్దామంటావా?"

"రాయండి. పెడతాను."

ఫోర్మన్ కాయితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. పంతొమ్మిదేళ్లలో అత్తయ్య ఫ్యాక్టరీలో మాట్లాడిన అతి పొడుగు మాట అదేనని తర్వాత చిలక అనేది.

ఆ వారం ఫ్యాక్టరీ సెలవు రోజైన గురువారం మేమిద్దరం చిలకను చూడటానికి ఆసుపత్రికి వెళ్లాం. చిలక మంచం మీద కట్టు కట్టిన చేయి దిండు మీద పెట్టుకుని, వార్డులో అందరి కథలూ మాకు చెప్పింది. చివరికి గొంతు తగ్గించి, "వదినా, నువ్వొక్కదానివి కాదంటే వాడు కాయితం మడిచాడు. అందరం కలిసి కాదంటే ఏం మడుస్తాడు?" అంది.

అత్తయ్య ఊఁ అంది. అక్కడి నుంచి ఇంటికి రాలేదు, నన్ను వెంటబెట్టుకుని లేబర్ ఆఫీసుకు వెళ్లింది. అక్కడి గుమాస్తా మమ్మల్ని బెంచీ మీద చాలాసేపు కూర్చోబెట్టి, సంఘం పెట్టుకోవాలంటే పనివాళ్లలో సగం కంటే ఒక్కరైనా ఎక్కువ సంతకం పెట్టాలని చెప్పాడు. మేం మూడువందల పన్నెండు మందిమి. నూట యాభై ఏడు సంతకాలు కావాలి. ఆయన ఇచ్చిన ఫారాలను అత్తయ్య భోజనం డబ్బా సంచిలో పెట్టుకుంది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర మొదటి ఫారం తీసి మామయ్య పళ్లెం పక్కన పెట్టింది. తన సంతకం అప్పటికే ఉంది. దాని కింద వేలు పెట్టి చూపించింది.

మామయ్య చదివాడు. రెండుసార్లు చదివాడు.

"కొలిమికి హెడ్‌గా నా పేరు పైకి పంపారు. ఈ ఏడాదిలోనే తేలుతుంది."

"తెలుసు."

"ఇద్దరి పేర్లూ దీని మీద ఉంటే రేపు ఇద్దర్నీ గేటు బయట నిలబెడతారు. మనింట్లో పొయ్యి వెలగాలా వద్దా?"

"వెలగాలి."

"మరి?"

"సరే," అంది అత్తయ్య. ఫారం తీసి సంచిలో పెట్టేసింది.

ఇల్లు పీకి పందిరేస్తారనుకుని నేను నా గదిలో మంచం మీద కూర్చున్నాను. ఏమీ కాలేదు. పళ్లేలు కడుగుతున్న చప్పుడు మాత్రం వినిపించింది. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఇప్పటికీ నాకు అలాగే అనిపిస్తుంది. కానీ ఆ రోజు నుంచి అత్తయ్య ఆయన్ను ఏదీ అడగలేదు. ఉప్పు అందుకోవాలన్నా తనే లేచేది.

రెండో సంతకం నాది.

అత్తయ్యకు ఒకరిని ఒప్పించడం చేతకాదు. నీళ్ల కుళాయి దగ్గర, సైకిళ్ల షెడ్డులో, ఆడవాళ్ల బట్టలు మార్చుకునే గదిలో ఫారం చేతిలో పెట్టి ఊరకే నిలబడేది. చదవడం రానివాళ్లకు చదివి వినిపించేది. వద్దంటే ఫారం తీసుకుని వెళ్లిపోయేది. అలా నెల రోజుల్లో ముప్పై నాలుగు సంతకాలయ్యాయి. ముప్పై అయిదోవాడు తిన్నగా మేనేజరు దగ్గరికి వెళ్లాడు.

మేనేజరు అరవలేదు. ఆఫీసుకు పిలిపించి కుర్చీ వేయించాడట.

"మీ కళ్లకు విశ్రాంతి కావాలన్నారుగా అమ్మా. తీసుకోండి."

పాత నమూనాల గది అని ఒకటుండేది. ఒకప్పుడు కొత్త రకం సీసాలను అక్కడ బీరువాల్లో పెట్టేవాళ్లు. బీరువాలు తీసేసి, గది మధ్య ఒక కుర్చీ వేశారు. బల్ల లేదు. ఉదయం ఎనిమిదికి వెళ్లి అందులో కూర్చోవాలి, సాయంత్రం అయిదుకు లేవాలి. పత్రిక చదవకూడదు, ఏ అల్లికా కుట్టూ పెట్టుకోకూడదు, ఎవరూ వెళ్లి మాట్లాడకూడదు. జీతం పూర్తిగా ఇస్తారు. పని మాత్రం ఇవ్వరు. తనంతట తను మానేసి పోవాలని.

అత్తయ్య మానలేదు. ఏడు నెలలు ఆ కుర్చీలో కూర్చుంది.

మొదటి వారంలో నడుం నొప్పి అనేది. తర్వాత అది కూడా అనలేదు. బస్సులో పక్కన కూర్చుని నేనోసారి అడిగాను.

"రోజంతా ఏం ఆలోచిస్తావత్తయ్యా?"

"ఏమీ లేదే."

"కోపం రాదా?"

"వస్తుందనే అనుకున్నాను. వస్తుంది కదా అని కూర్చున్నాను. రాలేదు."

కాసేపటికి తనే మళ్లీ అంది, "గోడ కదలదే. కదలనిదాన్ని ఎలా చూడాలో ఈ కళ్లకు తెలీదు."

ఆ గదికి ఒక కిటికీ ఉంది. అది పెరటివైపు, కొలిమి షెడ్డుకు వెళ్లే దారి మీదికి తెరుచుకుంటుంది. మామయ్య రోజుకు నాలుగుసార్లు ఆ దారిన పోవాలి. ఉదయం ముగ్గురం ఒకే బస్సు దిగి ఒకే గేటులోంచి లోపలికి వెళ్లేవాళ్లం. ఆయన కొలిమికి, నేను ప్యాకింగుకు, అత్తయ్య కుర్చీకి. కిటికీ దగ్గరికి వచ్చేసరికి ఆయన నడక పెరిగేది. తల మాత్రం తిరిగేది కాదు.

నాలుగో నెలలోననుకుంటాను, ఒక సెలవు రోజు అత్తయ్య పొయ్యి మీది గిన్నెను ఉత్త చేతులతో దించింది. దించి బల్ల మీద పెట్టి, గరిటె కోసం వెతుకుతోంది. చేతులు చూసి నేను కేక పెడితే మామయ్య పరుగెత్తుకొచ్చాడు. కొలిమి మనిషికి కాలిన గాయాల సంగతి బాగా తెలుసు. ఆమె రెండు చేతులూ నీళ్లలో ముంచి, తుడిచి, ఒక్కో వేలికీ మందు రాశాడు.

"కాలింది తెలీలేదా?"

"తెలిసింది. తర్వాత."

ఆయన కట్టు కడుతున్నంతసేపూ ఆమె తన చేతులవైపు చూస్తూ కూర్చుంది. ఆ రోజు వంట మామయ్యే చేశాడు. ఆ తర్వాత రోజూ ఆయనే చేశాడు.

ఈలోగా చిలక పనిలోకి వచ్చింది. స్టూలు మీద పనికిరాదని చీపురు చేతికిచ్చారు. వాళ్లు చేసిన పెద్ద పొరపాటు అదే. స్టూలు మీద ఉన్నమ్మ ఒకచోట ఉంటుంది, చీపురున్నమ్మ ఊరంతా తిరుగుతుంది. పైగా పోయింది వేళ్లు, నాలుక కాదు. ఫారాలు తను తీసుకుంది. ఎవరైనా తటపటాయిస్తే వాళ్లతో వాదించేది కాదు. "పెరటి వైపు పోయి కిటికీలోంచి మా వదినను ఒక్కసారి చూసి రా బాబాయ్. వచ్చాక కూడా వద్దంటే నీ ఇష్టం," అనేది.

వాళ్లు వెళ్లి చూసేవాళ్లు. కిటికీ అవతల ఒక ఆడమనిషి ఒళ్లో చేతులు పెట్టుకుని గోడవైపు కూర్చుని ఉండేది. ఏడవడం లేదు, ఎవరినీ పిలవడం లేదు. చూసినవాళ్లు తిరిగొచ్చి పెన్ను అడిగేవాళ్లు. అచ్చులు మార్చే ముసలాయన ఒకడు, "ఆమె మొహం చూశాక అన్నం సయించట్లేదమ్మా, తే ఇటు," అని సంతకం పెట్టి, తన ఇద్దరు అల్లుళ్లతో కూడా పెట్టించాడు. అత్తయ్యకు ఇదంతా తెలియదు. కిటికీ దగ్గర ఎవరో నిలబడి పోతున్నారని మాత్రం తెలుసు. ఫోర్మన్ మనుషులేమో అనుకుందట.

ఏడో నెల చివరికి నూట అరవై మూడయ్యాయి. లేబర్ ఆఫీసర్ విచారణకు వచ్చాడు. క్యాంటీన్లో బల్లలు పక్కకు జరిపి అందరినీ నిలబెట్టారు. ఆయన ఒక్కో పేరూ చదువుతాడు. ఆ మనిషి ముందుకు వచ్చి, మేనేజరు ఎదుటే, సంతకం నాదే అనాలి. అత్తయ్యను కూడా గదిలోంచి పిలిపించారు. వెలుతురుకు కళ్లు చికిలిస్తూ వచ్చి బెంచీ చివర కూర్చుంది.

గంటన్నర పట్టింది. నాదే, నాదే, నాదే. కొందరు గట్టిగా అన్నారు, కొందరు నేలచూపులు చూస్తూ గొణిగారు. ఇద్దరు మాత్రం నాది కాదన్నారు. నూట అరవై ఒకటి మిగిలాయి. ఆఫీసర్ పెన్ను మూత పెట్టబోయి, "ఇప్పుడు చేరదలచుకున్నవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?" అని అడిగాడు.

మామయ్య నీళ్ల డ్రమ్ము దగ్గర నిలబడి ఉన్నాడు. కొలిమి వాళ్లంతా ఆయన వైపు చూశారు. చిలక చూసింది. నేను చూశాను. అత్తయ్య చూడలేదు. ఆయన గ్లాసు తీసుకుని నీళ్లు నింపాడు. తాగలేదు, అలాగే పట్టుకున్నాడు. ఆఫీసర్ పెన్ను మూత పెట్టాడు.

ఆ తర్వాత క్యాంటీను దద్దరిల్లిపోయింది. పళ్లేలు మోగించారు. చిలక మూడు వేళ్ల చేతిని గాల్లోకి ఎత్తి, మనుషుల్ని తోసుకుంటూ వచ్చి అత్తయ్యను కావలించుకుంది.

"వదినా, గెలిచాం! విన్నావా? గెలిచామే!"

"ఊఁ," అంది అత్తయ్య. తర్వాత నా వైపు తిరిగి, "బస్సుకు టైమవుతోందే అమ్మాయ్, పద," అంది.

సంఘానికి మొదటి ఒప్పందం జరగడానికి ఇంకో మూడు నెలలు పట్టింది. మార్పు మనుషులు మళ్లీ వచ్చారు, అరగంటకోసారి. రోలర్ల మీద రేకు మూత బిగించారు. చిలక నిద్రపోయిందన్న మాట కాయితాల్లోంచి కొట్టేశారు, నష్టపరిహారం ఇచ్చారు. అధ్యక్షురాలిగా ఉండమని అత్తయ్యను అడిగితే, "నావల్ల కాదు, చిలకను పెట్టండి. దానికి నోరుంది," అని తన స్టూలు దగ్గరికి వెళ్లిపోయింది.

మామయ్యకు హెడ్ పదవి రాలేదు. ఇంట్లోనే సంఘాన్ని పెట్టుకున్నవాడిని నమ్మేదెలా అన్నారట పైవాళ్లు. కిందివాళ్లు ఆయనతో పాటు టీ తాగడం మానేశారు. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఎలా ఉంటుందో నేను మా ఇంట్లోనే చూశాను. ఆయన పనికి వెళ్లాడు, వచ్చాడు, వంట చేశాడు.

స్టూలు మీదికి తిరిగొచ్చిన మొదటి వారం అత్తయ్య వదలకూడని సీసాలను వదిలేసింది. ఒక పూటలో పదకొండు పగుళ్లు నా దగ్గరికి వచ్చాయి. నేను చప్పుడు చేయకుండా తీసి పక్కన పెట్టాను. రెండో వారం నాలుగు. నెల తిరిగేసరికి ఒక్కటీ లేదు. ఇంకో పదకొండేళ్లు పనిచేసి, మర్యాదగా రిటైరైంది. నేను పెళ్లి చేసుకుని రెండు వీధుల అవతల కాపురం పెట్టాను.

ఆ తర్వాత కొన్నేళ్లకు ఒక సినిమా రచయిత వచ్చాడు. చిలక ఎవరికో చెబితే వాళ్లు ఇంకెవరికో చెప్పారట. సన్నటి కుర్రాడు, మర్యాదస్తుడు, నోటు పుస్తకంలో పెన్సిలుతో రాసుకున్నాడు. నేనూ అక్కడే ఉన్నాను. ఆ గదిలో కూర్చున్నప్పుడు మీకేమనిపించిందమ్మా అని నాలుగు రకాలుగా అడిగాడు. అత్తయ్య నాలుగుసార్లూ "ఏమీ అనిపించలేదు బాబూ" అంది. అతను పెన్సిలు నమిలాడు.

"పోనీ, మీవారు? ఆయన కూడా అక్కడే పనిచేసేవారట కదా. సంతకం పెట్టారా?"

మామయ్య అప్పుడే వంటింట్లోంచి ట్రేలో టీలు పట్టుకుని వచ్చాడు. ట్రే బల్ల మీద పెట్టబోయి, దాన్ని పట్టుకుని అలాగే వంగి ఉండిపోయాడు.

"పెట్టారు," అంది అత్తయ్య. "టీ తీసుకో బాబూ."

సినిమా ఏడాదిన్నరకు వచ్చింది. మాకు టికెట్లు పంపారు. అత్తయ్య, మామయ్య, నేను, చిలక, వరసగా కూర్చున్నాం. తెర మీద అత్తయ్యగా వేసిన అమ్మాయి చాలా అందంగా ఉంది. మేనేజరు మొహాన కాయితాలు విసిరికొట్టింది. ఖాళీ గదిలో కుర్చీ ఎత్తి కిటికీ అద్దాలు పగలగొట్టింది. చిలక, "అయ్యో, అలా చేసి ఉండాల్సింది వదినా!" అని అందరికీ వినపడేలా అంది. అత్తయ్య నా చెవిలో, "ఆ పిల్ల సీసాలు చూట్లేదే. మనవైపు చూస్తోంది," అంది. సినిమా మొత్తం మీద ఆమె అన్నది అదొక్కటే.

క్యాంటీను సీను వచ్చింది. ఆఫీసర్ పెన్ను మూత పెట్టబోతుంటే, కొలిమి దగ్గర నుంచి మసి మొహంతో భర్త పరుగెత్తుకొచ్చాడు. "ఆగండి! నా భార్య పేరు పక్కన నా పేరు రాయండి!" అన్నాడు. హాలంతా చప్పట్లు. ఈలలు. చిలక ఆ క్షణంలో నోరు మూసుకుంది, నాకు తెలిసి జీవితంలో మొదటిసారి. నేను పక్కకు చూడలేదు. మామయ్య చప్పట్లు కొట్టలేదు, కదలలేదు. దీపాలు వెలిగాక వెనక వరసలోని పెద్దమనిషి ఒకడు ఆయన చేయి పట్టుకుని ఊపి, "భర్తంటే మీరు సార్," అన్నాడు. ఆ చేయి మామయ్య చాలాసేపు జేబులో పెట్టుకోలేదు. ఎక్కడ పెట్టాలో తెలియనట్టు బయటే ఉంచుకున్నాడు.

ఇంటికి నడిచే వచ్చాం. చిలక తన మలుపులో విడిపోయాక మామయ్య అడిగాడు.

"ఎందుకలా చెప్పావ్?"

"అడిగాడు. చెప్పాను."

"నిజం చెప్పొచ్చుగా."

"చెప్పొచ్చు," అంది అత్తయ్య. రెండు అడుగులు వేశాక, "చేతిలో వేడి ట్రే ఉంది నీకు," అంది.

ఆ వారంలో మామయ్య ఒక పని మొదలుపెట్టాడు. మొదట క్షవరం చేసే ఆయన దగ్గరికి వెళ్లి, సినిమాలో చూపించింది నిజం కాదు, నేను సంతకం పెట్టలేదు అని చెప్పాడు. మెడ చుట్టూ గుడ్డతో, సగం గడ్డం సబ్బుతో కూర్చుని చెప్పాడట. ఆయన నవ్వి, "గొప్పవాళ్లంతా ఇలాగే అంటారు, తల కదపకండి," అన్నాడు. తర్వాత మందుల షాపులో చెప్పాడు. బస్టాపులో చెప్పాడు. పాత కొలిమివాళ్లలో బతికున్న ఒకాయన ఇంటికి వెళ్లి కూడా చెప్పాడు. పాపం ఆయనకు మతిమరుపు. "నువ్వు పరుగెత్తుకు రావడం నేను చూశానుగా," అన్నాడు.

ఆ మధ్యాహ్నం నేను వాళ్లింట్లోనే ఉన్నాను. మామయ్య వచ్చి చెప్పులు విప్పి, భోజనాల బల్ల దగ్గర కుర్చీలో కూలబడ్డాడు. అంతకుముందు రోజు అత్తయ్య కంటికి శుక్లం తీశారు. ఆకుపచ్చ గుడ్డ కంటి మీద వేలాడుతోంది. ఆమె తలెత్తకుండానే అడిగింది.

"ఎవరైనా నమ్మారా?"

"లేదు."

"ఊఁ."

"రేపు సంఘం ఆఫీసుకు వెళ్తాను. అక్కడ కాయితాలుంటాయిగా. చూపిస్తాను."

అత్తయ్య పళ్లెం ఆయన ముందుకు జరిపింది. ఏ గిన్నె ఎక్కడుందో సరిగా కనపడక చేత్తో తడిమి తడిమి వడ్డించింది. ఆయన ఆమె వైపు చూస్తూ కూర్చున్నాడు.

"వెళ్దువులే," అంది. "ముందు తిను. చల్లారిపోతోంది."